సున్నా నంబరు ఊపిరి

పొద్దున్న ఏడున్నరకి ఆ ల్యాబు తాళం తీసేది ఒక్కడే మనిషి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయనే. తాళం తీసి, కిటికీలు బార్లా తెరిచి, నడక మెషీన్ పట్టాని తడిగుడ్డతో తుడిచి, కెటిల్ స్విచ్చి నొక్కి, ఆ తర్వాత ఆయన చేసే పని చూస్తే కొత్తవాళ్ళకి నవ్వు ఆగేది కాదు. ముక్కుకి క్లిప్పు పెట్టుకుని, గొట్టానికి తగిలించిన మౌత్‌పీస్‌ని పెదాలతో బిగించి, గుండెల నిండా గాలి పీల్చి, పొట్ట వీపుకి అంటుకునేదాకా ఊదేవాడు. కళ్ళు ఎర్రబడేవి, మెడ నరాలు ఉబ్బేవి. ఎన్ని లీటర్ల గాలి ఊదాడో తెర మీద అంకె పడేది. దాన్ని రిజిస్టర్లో తేదీ పక్కన రాసి, మనిషి నంబరు రాయాల్సిన గడిలో గుండ్రంగా ఒక సున్నా చుట్టేవాడు.

పరీక్షకి వచ్చేవాళ్ళ పేర్లు రాయకూడదని అక్కడి పద్ధతి. ఒకటో నంబరు, రెండో నంబరు అనే రాయాలి. ఆ వరస మొదలవకముందే, మెషీన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి ఊదే మనిషి సున్నా. అలా ఆయన పేరే సున్నా అయి కూర్చుంది. పెద్దవాళ్ళు "సున్నా గారూ" అనీ, పరిశోధన చేసే పిల్లలు "సున్నా బాబాయ్" అనీ పిలిచేవారు. అసలు పేరు గుర్తింపు కార్డు మీద మాత్రం మిగిలింది. "బంగారంలాంటి మనిషిని పట్టుకుని సున్నా అంటారా? అంటే మీరూ పలుకుతారా?" అని ఆయన భార్య మొదట్లో రుసరుసలాడింది. తర్వాత ఆవిడే అలవాటు పడి, ఆయన వంటింట్లో సాయం చేసిన రోజుల్లో ఆ పేరుని మార్కుల కింద వాడుకుంది.

ఆ ల్యాబుని మొదలుపెట్టింది పెద్ద మేడమ్. అప్పుడు ఉన్నవి రెండు గదులు, నడుస్తుంటే కీచుమనే ఒక పాత మెషీన్, పరుగు పందేలకి తయారయ్యే ఆరేడుగురు పిల్లలు. వాళ్ళ ఊపిరి కొలవాలి, గుండె వేగం కొలవాలి, ఏ శిక్షణకి ఎంత వేగం పెరిగిందో చూడాలి. పెద్ద మేడమ్ పొట్టిమనిషి, కానీ గొంతు మాత్రం మెట్ల కింద ఉన్నవాళ్ళకి కూడా వినపడేది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఆయన్ని సింకు ముందు నిలబెట్టి కడగటం నేర్పింది.

"ఒకరి నోట్లో పెట్టింది ఇంకొకరి నోట్లో పెడుతున్నాం. మరిగే నీళ్ళు పడని మౌత్‌పీస్ నా కంట పడిందో, నిన్ను కూడా ఆ కెటిల్లోనే ముంచుతాను. సరేనా?"

"సరే మేడమ్."

"రెండోది. రాసిన అంకె దిద్దకూడదు. తప్పనిపిస్తే పక్కన ఇంకోటి రాయి. మొదటిది అలాగే ఉండాలి."

"సరే మేడమ్."

"మూడోది. నీ ఊపిరి నిన్నటికీ ఇవాళ్టికీ మారదు. అంకె మారిందంటే ముందు మెషీన్ని చూడు, తర్వాత నిన్ను చూసుకో. ఏదైనా సరే, నాకు వెంటనే చెప్పు. అందుకే నిన్ను రోజూ ఊదమంటున్నది, సరదాకి కాదు."

ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి అప్పుడు. ఊదితే నాలుగు పాయింట్ ఆరు వచ్చింది. "ఓరి నీ దుంపతెగ, పరిగెత్తే పిల్లల కంటే నీకే ఎక్కువుందే!" అని ఆవిడ మెచ్చుకుంటే, ఆయన వారం రోజులపాటు ఎత్తిన తల దించలేదు.

తర్వాత కొన్నేళ్ళకి రక్తనాళాలు చూసే మెషీన్ వచ్చింది. దాని ముందు కూడా మొదట పడుకున్నది ఆయనే. ముంజేతికి పట్టీ కట్టి, అయిదు నిమిషాలు గట్టిగా బిగించి, ఒక్కసారిగా వదిలేస్తారు. ఆగిన రక్తం జలజలా వస్తుంది. ఆరోగ్యమైన రక్తనాళమైతే దానికి తగ్గట్టు వెడల్పవుతుంది, మొండికేసినదైతే అలాగే ఉంటుంది. అంతా తెర మీద కనిపిస్తుంది. తన చేతిలోని ఆ నల్లటి సన్నటి గొట్టం కొట్టుకుంటూ విచ్చుకోవటం చూసి ఆయన నోరు తెరిచాడు. "చూశావా, ఎంత బుద్ధిగా తెరుచుకుంటోందో" అంది పెద్ద మేడమ్. సాయంత్రం ఇంటికెళ్ళి, "నా రక్తనాళం చాలా బుద్ధిమంతురాలట" అని చెప్పాడు. కుట్టుమిషన్ ముందు కూర్చున్న భార్య సూదిలో దారం ఎక్కిస్తూ, "మీలో బుద్ధిగా ఉన్నది అదొక్కటేనన్నమాట" అంది.

పెద్ద మేడమ్ పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ కబురు తెలిసిన పొద్దున కూడా ఆయన ల్యాబు తెరిచాడు. ఎవరూ రాలేదు. ఊదితే రోజూ వచ్చే అంకె కంటే బాగా తక్కువ వచ్చింది. ఆవిడ చెప్పినట్టే ముందు మెషీన్ని చూశాడు. మూడు లీటర్ల గాలి పట్టే పెద్ద సిరంజి ఒకటుంటుంది, దాంతో గాలి తోసి సరిచూస్తారు. మెషీన్ సరిగ్గానే ఉంది. ఏడుస్తూ ఊదితే ఊపిరి నిండదని ఆయనకి అప్పుడే తెలిసింది. ఆ అంకె అలాగే రాసి, కుర్చీలో కూలబడి ఇంకాసేపు ఏడ్చాడు.

అదుగో, అంత గట్టిగా పట్టుకున్న మాటల్లో ఒకదాన్ని చివరి ఏడాదిలో పట్టుకోకూడని చోట పట్టుకున్నాడు, పట్టుకోవాల్సిన ఇంకోదాన్ని వదిలేశాడు. మనిషన్నవాడి సంగతి ఏం చెప్పమంటారు!

ఆ ఏడు ల్యాబులో నడకల మీద ఒక అమ్మాయి పరిశోధన జరుగుతోంది, ఆయన ఆ పిల్లని నడకల అమ్మాయి అనేవాడు. రోజంతా కుట్టుమిషన్ల ముందు కదలకుండా కూర్చునే ఆడవాళ్ళ రక్తనాళాలు ఎలా ఉంటాయి, ఆరు నెలలపాటు రోజూ నలభై నిమిషాలు చురుగ్గా నడిస్తే ఎంత మెరుగవుతాయి, ఊపిరి ఎంత పెరుగుతుంది అన్నది చూడాలి. నలభై మంది కావాలి. ఎక్కడ దొరుకుతారని ఆ పిల్ల బిక్కమొహం వేస్తే, "మా ఆవిడ పనిచేసే చోట యాభై మిషన్లున్నాయి తల్లీ" అని చెప్పింది ఆయనే. ఇక ఆవిడ ఊరుకుంటుందా? చెంగు దోపుకుని ముందు నడిచింది. "నడవకపోతే నరాలన్నీ మూసుకుపోతాయట, తర్వాత నన్ననకండి" అని లేనిపోని భయం పెట్టి మరీ నలభై మందిని కూడగట్టింది. ఆరు నెలలు ఒక్కరోజు కూడా ఎవరినీ తప్పించుకోనివ్వలేదు. వర్షం పడితే పనిచేసే హాల్లోనే మిషన్ల మధ్య చుట్లు తిప్పించింది.

ఆరు నెలలూ అయి, ఆఖరి పరీక్షలు మొదలయ్యే వారంలోనే కింది అంతస్తు నుంచి ప్లాస్టిక్ అమ్మాయి అట్టపెట్టె పట్టుకుని వచ్చింది. వాళ్ళు మొక్కల పిండి నుంచి ప్లాస్టిక్ తయారు చేస్తారు, వాడి పారేస్తే మట్టిలో కలిసిపోయేది. ల్యాబులో రబ్బరు మౌత్‌పీసులు రెండు నెలలకే పగిలి సంచుల కొద్దీ చెత్తలోకి పోతున్నాయని చూసి, ఆ అమ్మాయి వాటికి బదులు పాలరంగులో నున్నటివి ముప్పై చేసింది.

"బాబాయ్, ఒక్కటే గుర్తుపెట్టుకోండి. వీటికి వేడినీళ్ళు తగలకూడదు. ఈ మందు కలిపిన మామూలు నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టండి, క్రిములన్నీ చస్తాయి."

"అలాగేనమ్మా."

మూడు రోజులు అలాగే చేశాడు. నాలుగో రోజు చేతులు ఊరుకోలేదు. చల్లటి నీళ్ళలో తేలుతున్న ఆ ముక్కల్ని చూస్తే, ఒకరి ఎంగిలి ఇంకొకరికి పెడుతున్నట్టే అనిపించింది. పైగా వచ్చేవాళ్ళు తన భార్య వెంట వచ్చేవాళ్ళు, వదినా అక్కా అని పిలుచుకునేవాళ్ళు. పెద్ద మేడమ్ ఉంటే ఒప్పుకునేదా? కెటిల్ ఎత్తి మరుగుతున్న నీళ్ళు పోశాడు. ఏమీ కాలేదు, కనీసం కంటికి ఏమీ కనపడలేదు. "ఈ కాలం పిల్లలకి అన్నీ భయాలే" అనుకుని, ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం పోశాడు. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాడు, అదీ విడ్డూరం.

ఆ నెల పదిహేనో తేదీన పొద్దున ఊదితే మూడు పాయింట్ ఏడు వచ్చింది. ఏళ్ళు గడిచేకొద్దీ మెల్లగా తగ్గుతూ వచ్చినా, అంతకు ముందు రోజు దాకా మూడు పాయింట్ ఎనిమిది. సరేలే అనుకున్నాడు. తర్వాతి వారం మూడు పాయింట్ అయిదు. ఆపై వారం మూడు పాయింట్ రెండు.

ఇక్కడ ఆయన చేయాల్సింది ఏమిటి? సిరంజి తీసి మెషీన్ని చూడాలి, గొట్టం చూడాలి, ఎవరో ఒకరికి చెప్పాలి. ఏదీ చేయలేదు. రిటైర్మెంటు రెండు నెలల్లో ఉంది. అరవై వచ్చేశాయి, అందుకే ఊపిరి తగ్గుతోంది అనుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు తడబడని మనిషిగా నిలబడి, చివర్లో చతికిలబడ్డానని సిగ్గుపడ్డాడు. అంకె మాత్రం దిద్దలేదు. వచ్చింది వచ్చినట్టు రాసి, చటుక్కున పేజీ తిప్పేసేవాడు. ఇంట్లో బాత్రూములో నిలబడి గోడకేసి ఊదటం సాధన చేశాడు. "గోడ ఏం పాపం చేసిందండీ?" అని బయట నుంచి భార్య అడిగితే, "ఏం లేదులే" అన్నాడు. మెట్లెక్కేటప్పుడు గుండె మీద చెయ్యి పెట్టుకోవటం మొదలుపెట్టాడు. లేని జబ్బు నిజంగానే ఉన్నట్టు ఆయాసం కూడా వచ్చింది.

నలభై మంది పరీక్షలూ అయిపోయాక ఒక మధ్యాహ్నం, పెద్ద మేడమ్ తర్వాత వచ్చిన డైరెక్టర్ గదిలో ముగ్గురి మాటలు సింకు దగ్గరికి వినపడ్డాయి.

"రక్తనాళాలు బ్రహ్మాండంగా మెరుగయ్యాయంటున్నావు. ఊపిరి లెక్కలేమో మొదటి నెల కంటే పడిపోయాయంటున్నావు. నడిస్తే ఊపిరి తగ్గుతుందామ్మా? ఎవరికైనా చెబితే నవ్వుతారు" అన్నాడు డైరెక్టర్.

"నాకూ అర్థం కావట్లేదు సార్" అంది నడకల అమ్మాయి. "మళ్ళీ మొదటి నుంచి ఆరు నెలలు చేయాలంటే నాకు టైము లేదు. గడువు మూడు నెలలే ఉంది."

"మారింది ఒక్కటే, ఆ మౌత్‌పీసులు. ఆ ప్లాస్టిక్ పనికిరాదని రాసేస్తాను. అది ఆపెయ్యండి."

"సార్, నేను ఒక్కోదాన్నీ వందసార్లు కడిగి చూశాను. మామూలు నీళ్ళలో వాటికి ఏమీ కాదు సార్." అది ప్లాస్టిక్ అమ్మాయి.

కెటిల్ టక్కున ఆగింది. ఆయన చేతిలో మౌత్‌పీస్ ఉంది. మామూలు నీళ్ళలో అంటోంది ఆ పిల్ల. మెల్లగా దాన్ని గొట్టానికి తగిలించి, గొట్టం అవతలి చివర బొటనవేలితో మూసి ఊదాడు. గాలి పోవటానికి దారి లేదు, పోకూడదు. కానీ కుడి చెంపకి చల్లగా తగిలింది. ఇంకొకటి తగిలించి ఊదాడు. తగిలింది. మూడోది. అదీ అంతే. అతుకు దగ్గర అంచు వెంట్రుకవాసి వంకర పోయింది, అన్నింటికీ.

అంటే తగ్గింది తన ఊపిరి కాదన్నమాట. ఒక్క క్షణం, సిగ్గులేకుండా చెప్పాలంటే, ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం, పాడుచేసింది తన చేతులేనని గుర్తొచ్చింది. కెటిల్ నీళ్ళు పారబోసి, ఆ పూటకి ఎవరికీ మొహం చూపించకుండా ఇంటికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం భార్య జాకెట్టుకి కాజాలు కుడుతుంటే ఎదురుగా కూర్చుని అంతా చెప్పాడు. ఆవిడ సూది ఆపింది.

"చెప్పకపోతే ఎవరికైనా తెలుస్తుందా?"

"తెలీదు. ప్లాస్టిక్ మంచిది కాదని రాసేస్తారు. నాకు శాలువా కప్పి పంపిస్తారు."

ఆవిడ జాకెట్టు పక్కన పెట్టింది. తర్వాత, "నలభై మందిని నడిపించానండీ నేను" అంది. "మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని, మొగుడు తిడతాడని భయపడ్డవాళ్ళని. వాళ్ళు నడిచినదంతా ఉత్తిదేనని కాగితం మీదకి ఎక్కుతుందా? ఆ ఇద్దరు ఆడపిల్లల ఉసురు పోసుకుని ఆ శాలువా ఎలా కప్పుకుంటారు మీరు?"

మర్నాడు ఆయన ఒక చేత్తో కెటిల్, ఒక చేత్తో రిజిస్టర్ పట్టుకుని డైరెక్టర్ గదిలోకి వెళ్ళాడు. ఇద్దరమ్మాయిల్నీ పిలిపించమన్నాడు. నిలబడే చెప్పాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. వేడినీళ్ళ సంగతి చెప్పాడు, వంకర పోయిన అంచు చూపించాడు. ప్లాస్టిక్ అమ్మాయి రెండు చేతులతో మొహం కప్పుకుంది. "చెప్పాను కదా బాబాయ్" అంది, అంతే. తిట్టినా బాగుండేది.

"ఇంకోటి కూడా ఉంది సార్" అని రిజిస్టర్ తెరిచి, నెల రోజుల అంకెల మీద వేలు పెట్టాడు.

డైరెక్టర్ చూశాడు. "మూడు పాయింట్ రెండా? ఈ ల్యాబులో సున్నా నంబరు ఎందుకుందండీ?"

"ఏదైనా తేడా వస్తే చెప్పటానికి సార్."

"మరి చెప్పలేదేం?"

"ముసలాణ్ణయిపోయాననుకున్నాను సార్. సిగ్గేసింది."

నడకల అమ్మాయి రిజిస్టర్ లాక్కుని పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పటం మొదలుపెట్టింది. ఉన్నట్టుండి, "బాబాయ్, పధ్నాలుగో తేదీ దాకా మీ అంకె సరిగ్గానే ఉంది!" అంది. "అంటే అప్పటిదాకా గాలి పోలేదు. ఆ లోపల చేసిన పదకొండు మంది లెక్కలు మంచివే. మిగతా ఇరవై తొమ్మిది మందికే మళ్ళీ చేయాలి, అదీ ఆఖరి పరీక్ష ఒక్కటే." మళ్ళీ మొహం వాడిపోయింది. "కానీ వాళ్ళు నడక ఆపేసుంటారేమో. ఆపేస్తే లాభం లేదు."

"ఆపటమా? మా ఆవిడ ఆపనిస్తేగా తల్లీ! ఇవాళ పొద్దున కూడా నడిచారు."

ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వింది. డైరెక్టర్ మాత్రం నవ్వలేదు. వంకర పోయినవాటికి బదులు ప్లాస్టిక్ అమ్మాయి కొత్తవి చేయాలనీ, రోజుకి నలుగురు చొప్పున మళ్ళీ పరీక్షలు చేయాలనీ చెప్పాడు. చివర్లో, తల ఎత్తకుండా, "రేపటి నుంచి సున్నా నంబరు ఈ అమ్మాయి ఊదుతుంది. మీరు వద్దు" అన్నాడు.

"అలాగే సార్" అన్నాడు ఆయన. తిడతారనుకున్నాడు, సంజాయిషీ అడుగుతూ కాగితం ఇస్తారనుకున్నాడు. ఇది అనుకోలేదు. సింకు దగ్గరికి వెళ్ళి గోడకేసి తిరిగి నిలబడ్డాడు, ఎవరైనా వస్తే కడుగుతున్నట్టు కనపడాలని కుళాయి తిప్పి పెట్టాడు.

ఆ రెండు వారాలూ ఏడున్నరకి తాళం తీసేవాడు, తుడిచేవాడు. నడకల అమ్మాయి వచ్చి ఊదేది. ఆయన కిటికీ దగ్గర నిలబడి బయటికి చూసేవాడు. సింకు పైన గోడకి తన చేతిరాతతోనే "వేడినీళ్ళు వద్దు" అని పెద్ద అక్షరాల్లో రాసి అంటించాడు. మళ్ళీ వచ్చిన ఆడవాళ్ళు, "ఒకసారి ఊదాం కదండీ" అని గొణిగితే, వెంట వచ్చిన ఆయన భార్య, "ఊదవే తల్లీ, మా ఆయన చేసిన ఘనకార్యం" అనేది. ఇరవై తొమ్మిది మందిలో ఇరవై అయిదు మందికి ఊపిరి పెరిగింది, రక్తనాళాలతో పాటే. మొక్కల మౌత్‌పీస్ ఒక్కదాన్నుంచి కూడా గాలి పోలేదు.

ఆఖరి రోజు పొద్దున ఆయన ఇంకాస్త ముందే వచ్చాడు. బీరువా తాళం అప్పగించాలి. లోపల పదకొండు పాత రిజిస్టర్లున్నాయి. అట్టలు ఊడిపోయిన మొదటిది తీశాడు. మొదటి అంకె పెద్ద మేడమ్ రాతలో ఉంది, పక్కన సున్నా కూడా ఆవిడ చుట్టిందే, కోడిగుడ్డులా సాగిపోయి ఉంది. ఎప్పుడూ ఆవిడకి గుండ్రం వచ్చేది కాదు. ఇంకోచోట నాలుగు పాయింట్ ఏడు కనపడింది, జీవితంలో ఒక్కసారే వచ్చింది. కూతురు పుట్టిన మర్నాడు, ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చి ఊదాడు. "ఏం తిన్నావురా ఇవాళ?" అని ఆవిడ అడిగితే, "ఏమీ తినలేదు మేడమ్, ఆడపిల్ల" అని ఏదో సంబంధం లేని జవాబు చెప్పాడు. ఆ గది, ఆ కీచుమనే మెషీన్, తడి రబ్బరు వాసన, మెట్ల కింద దాకా వినపడే ఆ నవ్వు అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. ఎంత బాగుండేవో ఆ రోజులు. కుర్చీలో కూర్చుని పేజీలు తిప్పుతూ ఉండిపోయాడు.

"బాబాయ్" అని వెనక నుంచి పిలుపు. నడకల అమ్మాయి, పక్కన ప్లాస్టిక్ అమ్మాయి, వెనక డైరెక్టర్. ఆ పిల్ల చేతిలో ముక్కు క్లిప్పు ఉంది. "నేను ఇప్పుడే ఊదాను, నాది సరిగ్గా ఉంది. ఇవాళ మీరు కూడా ఊదండి."

ఆయన డైరెక్టర్ వైపు చూశాడు. డైరెక్టర్ తలూపాడు.

పాలరంగు మౌత్‌పీస్‌ని పెదాలతో బిగించాడు. గుండెల నిండా పీల్చి, పొట్ట వీపుకి అంటుకునేదాకా, కళ్ళు ఎర్రబడేదాకా ఊదాడు. వదిలేసి, గసపోసుకుంటూ తెర చూశాడు. మూడు పాయింట్ ఎనిమిది రావాలి. లోపల ఎక్కడో దానికోసమే నెల రోజులుగా ఆశపెట్టుకుని ఉన్నాడు.

మూడు పాయింట్ ఆరు.

పేజీ తిప్పేయటానికి రిజిస్టర్ ఆయన చేతిలో లేదు. నడకల అమ్మాయి "ఇంకోసారి ఊదుతారా?" అనబోతుంటే, ఆయనే చెయ్యెత్తి ఆపాడు.

"ముందు మెషీన్ని చూడమ్మా."

ఆ పిల్ల సిరంజి తెచ్చి మూడు లీటర్ల గాలి తోసింది. సరిగ్గా మూడు చూపించింది. ప్లాస్టిక్ అమ్మాయి గొట్టం అవతలి చివర బొటనవేలితో మూసి, ఆయన్ని ఊదమని, మౌత్‌పీస్ అతుకు దగ్గర చెంప పెట్టి చూసింది. తల అడ్డంగా ఊపింది. ఎక్కడా గాలి పోవటం లేదు.

"అయితే ఇది నాదే" అన్నాడు ఆయన. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వు కూడా వచ్చింది. "అరవై ఏళ్ళొచ్చాయి కదా మరి. రాయమ్మా, ఉన్నదున్నట్టు రాయి."

నడకల అమ్మాయి తేదీ వేసి, మూడు పాయింట్ ఆరు అని రాసి, పక్క గడిలో సున్నా చుట్టమని పెన్ను ఆయనకే ఇచ్చింది.